పొట్టి పోయింది బాంబుకి కాదు

మా పెద్దమ్మ యుద్ధంలో నర్సు. ఈ ముక్క చెవిన పడగానే జనం మొహాల్లోకి ఎక్కడలేని భక్తి వచ్చేస్తుంది. గొంతు తగ్గిస్తారు, చేతులు కట్టుకుంటారు. అది చూస్తే పెద్దమ్మకి ఒళ్ళు మండేది. "ఎవరో పోయినట్టు ఆ మొహాలేమిటే? నేనింకా బతికే ఉన్నానని చెప్పు" అనేది నాతో, వాళ్ళు ఎదురుగా ఉండగానే.

ఆవిడ నర్సు చదువులో చేరింది దేశం కోసం కాదు, బూట్ల కోసం. చేరినవాళ్ళకి తోలు బూట్లు, సబ్బులు, మూడు పూటలా తిండి ఇస్తారని ఎవరో చెప్పారట. ఇంట్లో ఆడపిల్లలందరికీ కలిపి ఒకటే జత చెప్పులు. ఎవరు ముందు లేస్తే వాళ్ళవి. పెద్దమ్మకి పొద్దున్నే లేవడం చేతకాదు, అందుకని నర్సయింది. శిక్షణ పూర్తికాకముందే యుద్ధం ముంచుకొచ్చింది. లారీ ఎక్కమన్నారు, ఎక్కింది. "భయం వెయ్యలేదా పెద్దమ్మా?" అని అడిగితే, "బూట్లు కరుస్తుంటే ఇంక భయానికి తీరికేదే?" అంది.

యుద్ధం జరిగినన్నాళ్ళూ ఆవిడ డైరీ రాసింది. అక్కడి నర్సులందరూ ఏదో ఒకటి రాసేవాళ్ళట. ఉత్తరాలు, పాటలు, ఏడుపులు. పెద్దమ్మ మాత్రం డ్యూటీ దిగేటప్పుడు తరవాత వచ్చే నర్సు కోసం వార్డులో రాసిపెడతారే, ఆ ధోరణిలోనే డైరీ కూడా రాసింది. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. నాకెలా తెలుసంటే, దాన్ని టైపు చేసింది నేనే. కోర్టు ఎదురుగా ఉన్న టైపు కొట్లో నా ఉద్యోగం. "మళ్ళీ సూపు మాడింది. మేట్రన్ గురక. బాంబులు పడ్డాయి. నా మేజోడు ఒకటి కనపడలేదు. బాంబులు ఆగాయి. మేజోడు దొరకలేదు." ఇదీ వరస. నేను పడీ పడీ నవ్వుతుంటే, విడాకుల కాగితాల కోసం వచ్చి కూర్చున్న పెద్దమనిషి నన్ను గుర్రుగా చూశాడు.

ఆ డైరీలో మేజోళ్ళ తరవాత ఎక్కువగా కనిపించేది పొట్టి. పెద్దమ్మతో పాటు లారీ ఎక్కిన పిల్ల. మందుల బల్ల వెనక నిలబడితే తల కూడా కనపడేది కాదట. అనాథాశ్రమంలో పెరిగింది, ముందూ వెనకా ఎవరూ లేరు. నోరు తెరిస్తే బూతు, చెయ్యి చాస్తే దొంగతనం. "కానీ దాని చేతిలో సూది పడితే ఇంజక్షన్ అయిపోయిందని రోగికి తెలిసేది కాదు" అని పెద్దమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ పొట్టి యుద్ధంలోనే పోయింది. బాంబు పడి కాదు. చీము పట్టిన గాయం కడుగుతుంటే సూది వేలికి గుచ్చుకుంది, వేలు వాచింది, వేలి నుంచి చేతికి పాకింది, ఒళ్ళంతా విషమైంది. ఇప్పటి మందులు అప్పుడు లేవు. యుద్ధం అయ్యాక పెద్దాసుపత్రి గేటు దగ్గర పోయిన నర్సుల పేర్లు చెక్కి రాయి నిలబెట్టారు. శత్రువు చంపినవాళ్ళ పేర్లే చెక్కారు. సూది శత్రువు కాదట. ఆ రాయి మీద పొట్టి లేదు.

అందుకే, నర్సుల బడివాళ్ళు యుద్ధకాలపు నర్సుల రాతలన్నీ కలిపి పుస్తకం వేస్తామని వచ్చినప్పుడు పెద్దమ్మ ఎగిరి గంతేసింది. వయసు డెబ్బై దాటినా నిజంగానే గంతేసింది, మా అమ్మ పట్టుకోబట్టి సరిపోయింది. "నా సోది ఎవడిక్కావాలే! పొట్టి ఎక్కుతుంది పుస్తకంలో. నేను పోతే దాని పేరు తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరూ లేరు" అంది. డైరీ టైపు చేయించింది. అచ్చుకి సిద్ధం చేసే పని పక్కవీధి మాస్టారికి అప్పగించారు. ఆయన కాలేజీలో సాహిత్యం చెప్పి రిటైరైనవాడు. మంచివాడే, కాకపోతే కాఫీ అడగడానికి కూడా మూడు విశేషణాలు వాడతాడు.

ఆయన దిద్ది పంపిన కాగితాలు నేనే పైకి చదివి వినిపించాను. పెద్దమ్మకి చూపు మసక. "భీకర రణరంగమున శతఘ్నులు గర్జించుచుండ, ఆ కారుణ్యమూర్తి క్షతగాత్రుల శిరస్సులను తన అంకమున నిడుకొని…"

"ఆగాగు. ఎవరే ఆవిడ?"

"నువ్వే పెద్దమ్మా."

"నా మొహం. తలకాయలు ఒళ్ళో పెట్టుకు కూర్చుంటే కట్లు ఎవడు కడతాడు? సరే, పొట్టి ఏదీ?"

వెతికాను. డైరీలో ఉన్న పొట్టి పాల దొంగతనం లేదు. మేట్రన్ గురక లేదు. మేజోడు కూడా లేదు. చివర్లో ఒకచోట ఇలా ఉంది: "అంతలో ఒక సోదరీమణి శత్రువు విసిరిన బాంబునకు ఆహుతియై, 'మాతృభూమీ!' యని పలుకుచు నేలకొరిగెను."

మా అమ్మ పెద్దమ్మకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, "దానికి బాంబేమిటే, ఖర్మ! అయినా అది ఆఖర్న అన్న మాట మాతృభూమీ కాదు" అంది. మరేమందని అడిగితే చెప్పలేదు, చెప్పులేసుకుంది.

మాస్టారింటికి నేనూ వెంట వెళ్ళాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "సిస్టరమ్మగారూ, నాలుగు తరాలవాళ్ళు చదివే పుస్తకం. అందులో పాలు దొంగిలించే నర్సుంటే ఏం బావుంటుంది చెప్పండి? పైగా మీరు రాసిందేమిటి… 'పొట్టి పోయింది. సబ్బు ఇంకా రాలేదు.' ఇంతేనా? ప్రాణస్నేహితురాలు పోతే ఒక్క కన్నీటి చుక్కయినా ఉండదా?"

"సబ్బు రాలేదు కాబట్టి రాలేదని రాశాను" అంది పెద్దమ్మ. "పొట్టి పొట్టిలాగే రావాలి మాస్టారూ. లేదంటే నా కాగితాలు నాకిచ్చెయ్యండి."

ఆయన గడుసువాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీ ఇష్టం. మిగతా నర్సులవి బోలెడున్నాయి. నెలాఖరుకి ప్రెస్సుకెళ్ళిపోతుంది. ఆలోగా ఏ సంగతీ చెప్పండి" అన్నాడు.

ఇల్లు చేరాక పెద్దమ్మ మంచం మీద కూలబడింది. "పౌరుషానికి పోయి అనేశానే. నా కాగితాలు తీసేస్తే దాని గతి? బాంబుకైనా సరే, ఎక్కనిచ్చి ఉండాల్సింది" అని నెత్తి కొట్టుకుంది. ఆవిడ అలా దిగజారి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు మాస్టారి మీద కసి రేగిపోయింది. ఆ పెద్దమనిషికి ఏదైనా ముంచుకొస్తే బావుణ్ణనుకున్నాను.

ముంచుకొచ్చింది. వెనకవైపున. సెగ్గడ్డ.

మాస్టారి భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది. డాక్టరు కోసి చీము తీశాడు, లోపల మందు తడిపిన గాజుగుడ్డ కుక్కాడు, రోజూ దాన్ని లాగి కొత్తది పెట్టాలన్నాడు. ఆసుపత్రికి వెళ్ళి వరసలో నిలబడదామంటే, ఆ వరస నిండా ఆయన పాత శిష్యులే. ఇంటికొచ్చి కట్టు కట్టేది మా చుట్టుపక్కల పెద్దమ్మ ఒక్కతే. "మొన్న ఆయన ఏదో అన్నారని మనసులో పెట్టుకోకండి వదినా" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అయ్యో, అదేం మాట! ఏదీ, ఎంతుంది?" అని పెద్దమ్మ పెట్టె తీసింది.

పెట్టె మోసేదాన్ని నేను. దార్లో చెవిలో ఊదాను. "టించర్ కాస్త గట్టిగా వెయ్యి పెద్దమ్మా. ఓ అయిదారు విశేషణాలు వాడితే గానీ నొప్పి తగ్గకూడదు."

"నోర్ముయ్. పుండుతో పగలు పెట్టుకోకూడదు. అక్కడ నువ్వు పుస్తకం మాటెత్తావంటే చూడు" అంది.

మాస్టారు బోర్లా పడుకుని, తలగడలో మొహం దాచుకుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే, "అమ్మా, ఆ పిల్లని కొంచెం…" అని గొణిగాడు. పెద్దమ్మ నన్ను గుమ్మం బయట, తెర అవతల నిలబెట్టింది. కాబట్టి ఆ వైద్యమంతా నేను చూసింది కాదు, విన్నది.

ఇక్కడ పెద్దమ్మ పద్ధతి ఒకటి చెప్పాలి. గాయంలో కుక్కిన గుడ్డ ఎండి అతుక్కుంటుంది. దాన్ని లాగబోతున్నామని తెలిస్తే రోగి ఒళ్ళు బిగబడతాడు, ప్రాణం పోతుంది. అందుకని కథ చెప్పాలి. నవ్వొచ్చే కథ. రోగి నవ్వగానే ఒళ్ళు వదులవుతుంది, ఆ ఒక్క క్షణంలో గుడ్డ లాగెయ్యాలి. నవ్వు అవ్వకముందే పని అయిపోతుంది. మా చిన్నప్పుడు మోకాళ్ళ మీద కట్లన్నీ పెద్దమ్మ అలాగే విప్పింది.

"మాస్టారూ, మా మేట్రన్ సంగతి మీకు చెప్పలేదు కదూ?" అని మొదలెట్టింది. "ఆవిడ మధ్యాహ్నం కాసేపు పడుకునేది. ఆవిడ గురక ముందు బుర్రు బుర్రుమని, తరవాత కుయ్యిమని ఈల వేస్తూ దిగేది. ఓ రోజు కొత్తగా వచ్చిన సిపాయి ఒకడు ఆ చప్పుడు విని 'విమానాలు!' అని అరిచి మంచం కిందకి దూరాడు. వాణ్ణి చూసి పక్కవాడు. వాణ్ణి చూసి వార్డంతా. కాలికి బరువులు కట్టి వేలాడదీసినవాడు కూడా బరువులతో సహా దూరాడు. ఈ గోలకి మేట్రన్ లేచింది. గురక ఆగింది. అప్పుడు పొట్టి వార్డు మధ్యలో నిలబడి, 'విమానం లేచి మొహం కడుక్కుంటోంది, మీరిక బయటికి రావచ్చు' అంది."

మాస్టారు తలగడలోనే ఫక్కున నవ్వాడు. మరుక్షణం "అబ్బా!" అన్నాడు. "అయిపోయింది" అంది పెద్దమ్మ.

మర్నాడు పాల కథ. కల్నల్ డాక్టరుకి చిక్కటి తీపి పాల డబ్బాలు వచ్చేవి. పొట్టి ఇంజక్షన్ సూదితో డబ్బాకి బెజ్జం వేసి, పాలు సిరంజీలోకి లాగి వార్డులో లేవలేనివాళ్ళ నోట్లో పోసేది, మిగిలింది తను తాగేది. డబ్బా తేలికైతే దొరికిపోతుందని గోధుమపిండి నీళ్ళలో కలిపి లోపలికి ఎక్కించి, బెజ్జం మీద ప్లాస్టరు అతికించేది. కల్నల్ టీలో ఆ పాలు పోసుకుంటే చెంచా నిలబడిపోయిందట. అనుమానం వచ్చి డబ్బాని పరీక్షకి పంపాడు. అక్కడ పరీక్షించేవాడు పొట్టి పాలు తాగినవాడే. వాడు రాసి పంపాడు: "ఆవు ఆరోగ్యంగా ఉంది. మేత ఎక్కువైంది."

నవ్వు, అబ్బా, అయిపోయింది.

ఆవేళ పెద్దమ్మ చేతులు కడుక్కుంటుంటే మాస్టారు బోర్లా పడుకునే అడిగాడు. "ఇదంతా డైరీలో లేదే! 'పొట్టి కల్నల్ పాలు తాగింది, పిండి ఎక్కించింది' అని ఒక్క ముక్కే ఉంది."

"డ్యూటీలో ఉన్న మనిషికి అదే ఎక్కువ మాస్టారూ" అంది పెద్దమ్మ. అంతకుమించి పుస్తకం ఊసెత్తలేదు. నాకు తెర చించుకుని లోపలికి దూకాలనిపించింది. నెలాఖరు దగ్గరపడుతోంది, ఈవిడకి చీమ కుట్టినట్టయినా లేదు!

ఆ తరవాత మాస్టారికి కిటుకు అర్థమైపోయింది. చదువుకున్నవాడు కదా. నవ్వితే లాగుతుందని కనిపెట్టి, నవ్వకుండా ఉండాలని పట్టుబట్టాడు. పెద్దమ్మ ఉత్తరం కథ ఎత్తుకుంది. రెండు చేతులకీ కట్లున్న సిపాయి ఒకడు పెళ్ళానికి ఉత్తరం రాయించుకోవాలి. సిగ్గుతో నోరు పెగల్లేదు, "ఏదో ఒకటి నువ్వే రాసెయ్యి సిస్టరూ" అన్నాడు. పొట్టి రాసేసింది. ఏం రాసిందో గానీ రెండు కాగితాలు, అటూ ఇటూ. పెళ్ళాం నుంచి జవాబొచ్చింది. అందులో ఒకటే ముక్క: "ఇదంతా నీకు నేర్పిందెవరో దాని పేరు రాయి."

లోపల మాస్టారు తలగడ కొరుకుతున్న చప్పుడు. నవ్వలేదు. కానీ తెర ఇవతల నా పక్కన నిలబడ్డ ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేక, కడుపు పట్టుకుని గోడకి జారిపోయింది. ఆ నవ్వు విని ఆయనా ఆగలేకపోయాడు. "అబ్బా! నువ్వు కూడా వాళ్ళ పక్షమేనటే!" అని అరిచాడు పెళ్ళాం మీద.

ఇలా నెల గడిచిపోతూ వచ్చింది. పుండు మానింది. ఆఖరి రోజు పెద్దమ్మ చూసి, "ఇంక గుడ్డ అక్కర్లేదు మాస్టారూ. పైన కాస్త మందు రాసుకుంటే చాలు" అని పెట్టె మూసింది.

"మరి కథ?" అన్నాడు మాస్టారు.

"లాగడానికి ఏమీ లేదుగా. కథెందుకు?"

"పర్వాలేదు, కూర్చోండమ్మా" అన్నాడు. గొంతులో విశేషణాలు లేవు. "ఆ పొట్టి ఎలా పోయింది?"

పెద్దమ్మ కుర్చీ లాక్కున్న చప్పుడైంది. మొదలెట్టింది.

"దాని చెయ్యి మోచేతిదాకా కోశారు మాస్టారూ. రోజూ గుడ్డ మార్చేదాన్ని నేనే. ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. కథ చెప్పి లాగే విద్య నాకు నేర్పింది అదే కదా. చెప్పడానికి నా దగ్గరున్న కథలన్నీ దానివే. నవ్వు ఎక్కడొస్తుందో దానికి తెలుసు. నేను ఎక్కడ లాగుతానో తెలుసు. అక్కడికి రాగానే పళ్ళు బిగించేది. గుడ్డతో పాటు దాని ప్రాణం వచ్చేసేది. లోకంలో అందరికీ పనికొచ్చిన కిటుకు దానికొక్కదానికే పనికిరాలేదు. నేను బయటికెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని మళ్ళీ వచ్చేదాన్ని."

నా పక్కన మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకుంది.

"ఓ పొద్దున ఏమైతే అయిందనుకున్నాను. 'ఓ రోజు మధ్యాహ్నం మేట్రన్ పడుకుని…' అని మొదలెట్టాను. అంతే. గురక ఇంకా మొదలవ్వలేదు, విమానం రాలేదు. అది ఇంకా పళ్ళు బిగించలేదు. లాగేశాను. గుడ్డ చేతిలోకి వచ్చేసింది. అది నోరు తెరుచుకుని చూసింది నా వంక. తరవాత నవ్వింది మాస్టారూ! పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు ఆ నవ్వుకి. 'దొంగముండా! నా విద్య నా మీదేనటే!' అంది. సాయంత్రానికి జ్వరం తలకెక్కింది. ఇంక మాటలు లేవు. రెండు రోజులకి పోయింది."

పెద్దమ్మ ముక్కు చీదుకుంది. "వార్డులో చేతులు కడుక్కోడానికి సబ్బు లేదు. పంపమని నెల నుంచి పైవాళ్ళకి రాస్తున్నాం, రాలేదు. సబ్బుంటే దాని వేలు అంతదాకా వచ్చేది కాదేమో. అందుకని రాశాను, సబ్బు ఇంకా రాలేదని. నాకు కన్నీళ్ళు రాయడం చేతకాదు."

మాస్టారి గొంతు వినిపించింది. తలగడలోంచే. "ఆవిడ అసలు పేరేమిటమ్మా?"

పెద్దమ్మ చెప్పింది. ఆ పేరు పుస్తకంలో ఉంది, అక్కడ చూసుకోండి. ఆ పేరుతో పిలిస్తే పొట్టి పలికేది కాదట, కాబట్టి నేను రాయను.

ప్రెస్సువాళ్ళని మాస్టారు ఎలా ఆపాడో నాకు తెలీదు గానీ, ఆ వారం అంతా ఆయన మా టైపు కొట్లోనే తిష్ట వేశాడు. నిలబడే చెప్పాడు, కూర్చోవడం ఇంకా కుదరదు. శతఘ్నులన్నీ ఎత్తేయించాడు. మేజోడు వెనక్కి వచ్చింది. డైరీ ముక్కలు ఉన్నవి ఉన్నట్టే వేయించి, వాటి కింద పెద్దమ్మ నోటితో చెప్పిన కథలు పెట్టించాడు.

పుస్తకం అచ్చయ్యాక మొదటి కాపీ పట్టుకుని ఆయనే మా ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున జాగ్రత్తగా ఆనుకుని కూర్చున్నాడు. ముందుమాట నేను చదివాను. "సంపాదకులు సాధారణంగా బల్ల ముందు కూర్చుని పని చేస్తారు. ఈ పుస్తకంలో నాకు తెలిసిన భాగమంతా నేను బోర్లా పడుకుని నేర్చుకున్నది" అని రాశాడు. మా అమ్మకి పొలమారింది. మాస్టారు ఎర్రబడ్డాడు గానీ, తల దించుకోలేదు.

పెద్దమ్మ భూతద్దం తెప్పించుకుంది. కారుణ్యమూర్తి ఉందో లేదో చూడలేదు, తన పేరు చూసుకోలేదు. పేజీలు తిప్పుకుంటూ, తిప్పుకుంటూ, ఒకచోట ఆగింది. అక్కడ పొట్టి అసలు పేరు, దాని కింద ఆఖరి మాట, ఒక్క అక్షరం మార్చకుండా, నల్లగా అచ్చులో ఉంది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. భూతద్దం మీద నీటిచుక్క పడింది. కొంగుతో తుడిచి మళ్ళీ చదివింది.

"ఇంత పెద్దమనిషి చేత బూతు వేయించావు కదే" అంది ఆ అక్షరాలతో. అని, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. "ఎక్కావే పుస్తకం, దొంగముండా!"